తొమ్మిది గోల్స్ వెనుక ఎంత చరిత్ర ఉంది? గుగులోత్ సౌమ్య ఆడిన 2024-25 సీజన్

మాది మోమిన్‌పేట్ మండలంలో ఒక తండా. ఇప్పుడు హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. పోస్ట్ కొంచెం పొడుగుంటది. బస్సులో కూసున్నప్పుడో, రాత్రి స్టడీ అవర్ అయిపోయినంకనో తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో చరిత్ర అంటే భూమి కోసం, అడవి కోసం జరిగిన పోరాటాలే ఎక్కువ రాస్తం. కొమురం భీం గురించి, రాంజీ గోండు గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి చాలామంది మంచిగ రాసిండ్రు. ఆటల కాడికి వచ్చేసరికి ఒక ఫొటో, దాని కింద ‘కంగ్రాట్స్ అక్కా’, అంతటితో అయిపోతది. రెండు రోజులకు ఆ ఫొటో కిందికి పోతది. అందుకే ఈసారి ఒక ఆటగత్తె ఆడిన ఒక్క సీజన్ తీసుకొని దాన్ని చరిత్ర లెక్క రాద్దామనుకున్న. ఆమె పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ, 2001 జూలైలో పుట్టింది. ఆట ఫుట్‌బాల్. సీజన్ 2024-25.

ఆ సీజన్‌లో ఆమె కొట్టినవి 9 గోల్స్. అంకె చూస్తే చిన్నగనే కనిపిస్తది. ఆ అంకె దాకా రావడానికి ఎన్ని ఊర్లు దాటాల్సి వచ్చింది, ఎవరెవరు ముందు నడిచిండ్రు, మన దగ్గర ఏం లేకపోవడం వల్ల అంత దూరం పోవాల్సి వచ్చింది, ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ తొమ్మిది అర్థమైతదని నా అభిప్రాయం.

1. కళ్యాణి స్టేడియం, 2025 ఏప్రిల్ 11

పశ్చిమ బెంగాల్‌లో కోల్‌కతాకు ఉత్తరం దిక్కు కళ్యాణి అనే పట్టణం ఉంది. ఆ రోజు అక్కడి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిల జట్టు, ఒడిశా ఎఫ్‌సీ జట్టు తలపడ్డయి. పోటీ పేరు ఇండియన్ విమెన్స్ లీగ్. మన దేశంలో అమ్మాయిల క్లబ్ ఫుట్‌బాల్‌కు ఇదే అన్నిటికంటే పెద్ద పోటీ. ఒడిశా అంతకు ముందు సంవత్సరం కప్పు గెలిచిన జట్టు. ఈస్ట్ బెంగాల్ అప్పటికే పట్టికలో పైన ఉంది. ఈ మ్యాచ్ గెలిస్తే ఆఖరి మ్యాచ్ దాకా ఆగే పనే లేదు.

మ్యాచ్ 1-0తో అయిపోయింది. ఆ ఒక్క గోల్ సౌమ్యక్కది.

ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే ఈస్ట్ బెంగాల్ చాంపియన్ అయింది. బెంగాల్ నుంచి ఒక క్లబ్ ఈ లీగ్ గెలవడం అదే మొదటిసారి. ఇంకో సంగతి, ఆ క్లబ్ మగ జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2003-04లో. అంటే 21 ఏండ్ల నుంచి ఆ క్లబ్‌కు దేశం మొత్తం మీద ఆడే లీగ్ కప్పు లేదు. అంత పెద్ద క్లబ్ అన్నేండ్లు ఎదురుచూసిన కప్పును ఖాయం చేసిన గోల్ ఒక తండా బిడ్డ కాలి నుంచి వచ్చింది.

క్రికెట్ ఒక్కటే చూసేటోళ్లకు ఆ క్లబ్ ఎంత పెద్దదో చెప్పాలె. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజు మన ఊర్లల్లో ఎట్లుంటదో, ఈస్ట్ బెంగాల్-మోహన్ బగాన్ మ్యాచ్ రోజు కోల్‌కతాలో అట్లుంటది. ఈస్ట్ బెంగాల్ 1920 ఆగస్టు 1న పుట్టింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినోళ్ల క్లబ్ అది. 1947లో దేశం రెండు ముక్కలైనంక అక్కడి నుంచి ఇల్లు, పొలం వదిలేసి లక్షల మంది ఇటు వచ్చిండ్రు. కొత్త ఊర్లె వాళ్లకు ‘ఇది మాది’ అని చెప్పుకోవడానికి దొరికిన కొన్నిట్లో ఈ క్లబ్ ఒకటి. మనకు ఇది తొందరగా అర్థమైతది. తండా అంటేనే ఒకప్పుడు ఎడ్ల మీద సరుకు వేసుకొని కదిలిన గుంపు. కదిలిన మనుషులు ఒక చోట నిలబడి మాదని చెప్పుకోవడం మన పెద్దల కథే కదా.

2. అంతకు ముందు ఒకాయన: 1961, తులసీదాస్ బలరామ్

సౌమ్యక్క ఎరుపు, పసుపు జెర్సీ వేసుకోవడానికి అరవై ఏండ్ల ముందే మన దిక్కు నుంచి ఒకాయన అదే జెర్సీ వేసుకున్నడు. ఆయన తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిండు. ఆయన గిరిజనుడు కాదు, కాని చాలా పేద ఇంటి నుంచి వచ్చినోడు.

బలరామ్‌ను చూసింది సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడి పంతులుగా బతుకు మొదలుపెట్టి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, ఆ తర్వాత భారత జట్టుకు కోచ్ అయిన మనిషి. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఈయన మీదనే. రహీమ్ సాబ్ చేతిలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. ఆ ఒలింపిక్స్ జట్టులో బలరామ్‌కు 20 ఏండ్లు ఉంటయి, అంతే. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి చేతిలో పైసలు లేకుంటే సైకిల్ కిరాయికి రహీమ్ సాబే డబ్బులిచ్చేవాడని బలరామ్ పెద్దయినంక చెప్పుకున్నరు.

ఆ రోజుల్లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు కూడా గట్టిది. 1956-57, 1957-58 రెండేండ్లు వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. కాని ఆటగాళ్లకు పేరు, నిలకడైన ఆదాయం కావాలంటే కలకత్తా పోవాల్సిందే. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు.

ఇప్పుడు ఆయన సీజన్ చూడండి. 1961లో బలరామ్ ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. ఆ ఏడాది కలకత్తా లీగ్‌లో 23 గోల్స్ కొట్టి అందరికంటే పైన నిలిచిండు. 1952 తర్వాత ఆ లీగ్ కప్పు ఈస్ట్ బెంగాల్‌కు మళ్లీ దొరికింది అప్పుడే. అదే సంవత్సరం ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నరు. మరుసటి ఏడాది జకార్తాలో ఆసియా బంగారు పతకం. అంతలోనే జబ్బు చేసి 1963లో ఆట వదిలేయాల్సి వచ్చింది. ఇంకా 30 ఏండ్లు కూడా నిండలేదు.

రహీమ్ సాబ్ కూడా అదే 1963లో క్యాన్సర్‌తో పోయిండు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది కాని, ఆ తర్వాత మన దిక్కు ఫుట్‌బాల్ మెల్లగ తగ్గుకుంట పోయింది. ఆటను నిలబెట్టింది పోలీసు జట్టు లాంటి ఉద్యోగ జట్లు. అవి బలహీనమైతే వెనుక ఇంకో ఏర్పాటు ఉండాలె. అది లేదు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో చనిపోయిండు. 1962లో అర్జున అవార్డు ఇచ్చిండ్రు, పద్మ అవార్డు మాత్రం ఇయ్యలేదు. నాతోటి చదివేటోళ్లలో ఎంతమందిని అడిగినా ఆయన పేరు ఎవ్వరికీ తెల్వదు.

3. అమ్మాయిల ఆట ఎక్కడ మొదలైంది

బలరామ్ కాలంలో అమ్మాయిలకు లీగ్ అనే మాటే లేదు. మన దేశంలో మహిళల ఫుట్‌బాల్‌కు ఒక సంఘం ఏర్పడింది 1975లో. అప్పటి అమ్మాయిలు తక్కువోళ్లు కాదు. 1983 ఆసియా కప్పులో ఫైనల్ దాకా పోయి రెండో స్థానంలో నిలిచిండ్రు. కాని ఏడాది పొడుగునా ఆడుకోవడానికి క్లబ్బులు లేవు, చేతికి జీతం లేదు. ఆట అయిపోతే ఎవరింటికి వాళ్లు పోవుడే.

ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది 2016-17లో. మొదటి కప్పు మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. అప్పటికి సౌమ్యక్కకు 15 ఏండ్లు. అంటే ఆమె కంటే పదేండ్లు ముందు పుట్టిన అమ్మాయికి ఎంత ఆట వచ్చినా ఆడుకోవడానికి ఈ లీగ్ లేదు. మొదట్లో ఆ లీగ్ కూడా అన్ని జట్లను ఒక చోటికి పిలిచి, కొన్ని వారాల్లో ముగించేటట్టు ఉండేది. ప్రతి జట్టు సొంత ఊర్లో ఒకసారి, ఎదుటోళ్ల ఊర్లో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లో వచ్చింది.

2024-25 సీజన్‌లో ఆడినవి 8 జట్లు. కోల్‌కతా నుంచి ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి. ఒడిశా నుంచి ఒడిశా ఎఫ్‌సీ, నీతా అకాడమీ. కేరళ నుంచి గోకులం. తమిళనాడు నుంచి సేతు. బెంగళూరు నుంచి కిక్‌స్టార్ట్. ఢిల్లీ నుంచి హాప్స్. ఈ పట్టికను రెండుసార్లు చదవండి. తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. మన అమ్మాయి ఎంత బాగా ఆడినా మన రాష్ట్రం పేరున్న జట్టులో ఈ లీగ్ ఆడే అవకాశమే లేదు.

మగవాళ్ల సంగతి కూడా చూద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో ఆ క్లబ్‌ను ఢిల్లీకి తీసుకపోయిండ్రు. రహీమ్ సాబ్ ఊర్లో కూడా క్లబ్ నిలవలేదు.

4. నిజామాబాద్ నుంచి జాగ్రెబ్ దాకా

సౌమ్యక్క దారి చూస్తే భూగోళం పాఠం లెక్కనే ఉంటది. 2019-20లో ముంబై క్లబ్ కెంక్రే తరఫున ఆడింది. తర్వాత కేరళలో గోకులం. ఆ గోకులం అప్పట్లో మామూలు జట్టు కాదు. కరోనా వల్ల లీగ్ జరగని ఏడాదిని పక్కన పెడితే వరుసగా మూడు కప్పులు గెలిచింది. 2022లో సౌమ్యక్క, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్, ఇద్దరూ యూరప్‌లోని క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నరు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి జాగ్రెబ్. అప్పుడు ఆమెకు 21 ఏండ్లు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. నేను ఇంటి నుంచి హాస్టల్‌కు వచ్చిన కొత్తల అన్నం సయించక వారం రోజులు పడుకున్న. ఆమెకు భాష వేరు, తిండి వేరు, చలి వేరు.

మళ్లీ దేశానికి వచ్చి గోకులం తరఫున ఆడి, 2024లో ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. అక్కడ కోచ్ ఆంథనీ ఆండ్రూస్. గోకులంకు 2021-22, 2022-23 కప్పులు తెచ్చిన కోచ్ ఈయనే. ఒక జట్టును కప్పు దాకా ఎట్ల నడిపించాలో తెలిసిన మనిషి, ఆ కప్పుల రుచి తెలిసిన ఆటగత్తె, ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌లో కలిసిండ్రు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలె. ఇట్లాంటి అమ్మాయిల గురించి మాట్లాడేటప్పుడు ‘గిరిజన బిడ్డలకు పుట్టుకతోనే బలం ఉంటది, పరుగు రక్తంలోనే ఉంటది’ అంటరు. పొగిడినట్టే ఉంటది. నాకైతే ఆ మాట నచ్చదు. పుట్టుకతోనే వచ్చేదైతే మన మండలంలో ఇప్పటికి వంద మంది సౌమ్యలు ఉండాలె. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె చేసిన ప్రాక్టీసు కనిపించకుండ పోతది, నేర్పినోళ్ల కష్టం కనిపించకుండ పోతది, మిగిలిన పిల్లలకు నేర్పేటోళ్లు లేరన్న సంగతి కూడా కప్పబడిపోతది.

5. ఆ సీజన్ లెక్కలు ఎట్ల చదవాలె

లీగ్ 2025 జనవరి 10న మొదలై ఏప్రిల్ 18న ముగిసింది. ఒక్కో జట్టుకు 14 మ్యాచులు. సౌమ్యక్క గోల్స్ 9.

అదే సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది గోకులంకు ఆడిన ఉగాండా క్రీడాకారిణి ఫజీలా ఇక్వాపుట్. ఆమెవి 24 గోల్స్. 24 పక్కన 9 పెడితే ఎవరికైనా ‘గంతేనా’ అనిపిస్తది. అందుకే లెక్కను విడదీసి చూడాలె.

మొదటిది, ఈ లీగ్‌లో చాలా జట్లు గోల్స్ కొట్టే నడిమి స్థానానికి విదేశీ ఆటగత్తెలను తెచ్చుకుంటయి. ఈస్ట్ బెంగాల్‌లో కూడా ఘానా నుంచి ఎల్షద్దాయ్ అచియాంపాంగ్, ఉగాండా నుంచి రెస్టీ నాంజిరి ఉన్నరు. పెనాల్టీ బాక్సు నడుమ నిలబడి బంతి అందుకునే పని ఎక్కువగా వాళ్లది. మన దేశపు అమ్మాయికి ఆ జాగా దొరకడమే కష్టం. ఆ పరిస్థితుల్లో దేశంలోని ఆటగత్తెలందరిలో ఎక్కువ గోల్స్ సౌమ్యక్కవే.

రెండోది, ఆమె వింగర్. తెల్వనోళ్ల కోసం చెప్తా. మైదానం రెండు పక్కల గీతల వెంట పరుగెత్తే ఆటగత్తెను వింగర్ అంటరు. బంతి తన దగ్గరికొస్తే ఎదుటి డిఫెండర్‌ను దాటుకొని గీత వెంబడి దూసుకపోవాలె. నడుమకు బంతి కొట్టాలె, లేదా తానే లోపలికి తిరిగి గోల్ మీదికి కొట్టాలె. బంతి పోగొట్టుకుంటే అదే పొడుగు వెనక్కి ఉరికొచ్చి తన డిఫెండర్‌కు సాయం పట్టాలె. 90 నిమిషాలు ఇదే పని. కబడ్డీలో రైడర్ కూత పెట్టి లోపలికి పోయి, ఇద్దరిని తన మీదికి గుంజుకొని వెనక్కి వచ్చినట్టు. రైడర్‌కు పాయింటు రాకపోయినా ఎదుటి జట్టు వరుస చెదురుతది, తర్వాతి రైడర్‌కు దారి దొరుకుతది. వింగర్ పరుగులో సగం పని అట్లనే స్కోరు కార్డు మీద కనపడదు. ఆ పనంతా చేస్తూ 9 గోల్స్ కొట్టడం వేరే లెక్క.

బలరామ్‌ది కూడా కొంత ఇదే కథ. భారత జట్టులో నడిమి స్థానాలకు పోటీ ఎక్కువుండి ఆయన్ను చాలాసార్లు ఎడమ వింగ్ మీద ఆడించిండ్రు. అయినా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిండు. రెండు మ్యాచులు మనం ఓడిపోయినం కాబట్టి ఆ గోల్స్‌ను ఎవరూ యాది పెట్టుకోలేదు.

మూడోది, గోల్ ఎప్పుడు వచ్చిందనేది. జట్టు అయిదు గోల్స్‌తో గెలుస్తున్నప్పుడు ఆరోది కొట్టడం వేరు. కప్పు తేలే రోజు, పోయినేటి చాంపియన్ మీద, మ్యాచ్ మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క గోల్ కొట్టడం వేరు. పట్టికలో రెండూ ఒక్కొక్క గోలే. చరిత్ర రాసేటప్పుడు ఆ తేడా చెప్పాలె.

6. సీజన్ తర్వాత

2025 మే నెలలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డులు ఇచ్చింది. 2024-25 సంవత్సరానికి ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య. అంతకు ముందు ఏడాది ఆ అవార్డు తమిళనాడు ఇందుమతికి, దానికి ముందు రెండేండ్లు పంజాబ్ మనీషా కల్యాణ్‌కు వచ్చింది. ఈస్ట్ బెంగాల్‌కే ఆడిన మణిపూర్ అమ్మాయి పంథోయ్ చానుకు ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు వచ్చింది.

నెలన్నర తర్వాత భారత జట్టు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ పోయింది. 2026 ఆసియా కప్పుకు అర్హత పోటీలు అక్కడ జరిగినయి. జూన్ 23న మంగోలియాతో మొదటి మ్యాచ్. ఇండియా 13-0తో గెలిచింది. అందులో ప్యారీ ఖాఖావి 5 గోల్స్, సౌమ్యవి 2. ప్యారీ ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా ఆదివాసీ బిడ్డ. 13 గోల్స్‌లో 7 గోల్స్ ఇద్దరు గిరిజన అమ్మాయిలవి. టీవీలో, పేపర్లో 13-0 అని వచ్చింది. ఆ ఏడు మాత్రం మనమే లెక్కపెట్టుకోవాలె.

తర్వాత తిమోర్ లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0, చివరికి జూలై 5న థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదనే 2-1తో ఓడించిండ్రు. ఆ రెండు గోల్స్ బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్ఫోర్‌వి. భారత మహిళల జట్టు అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్పుకు పోవడం అదే మొదటిసారి.

7. పైసల సంగతి

ఇది చదివి ఎవరైనా చెల్లె ‘నేను కూడా ఆడుతా’ అంటే, ఇంట్ల ముందు అడిగేది పైసల గురించే. అది తప్పు కాదు. మన అమ్మానాయనలు కూలికి పోయి చదివిస్తున్నరు. కాబట్టి అసలు లెక్క తెలిసుండాలె.

విమెన్స్ లీగ్‌లో ఒక్కో క్లబ్ కనీసం పది మంది భారతీయ ఆటగత్తెలకు ఏడాదికి కనీసం 3 లక్షల 20 వేల రూపాయలు ఇవ్వాలని ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. 2023-24 సీజన్ నుంచి అది అమలు. నెలకు 27 వేల లోపు పడుతది. పేరున్నోళ్లకు ఎక్కువ ఉంటది, ఇది అడుగు లెక్క. అంతకు ముందు ఆ అడుగు కూడా లేదు.

ఇంకో చిక్కు ఏందంటే సీజన్ మూడు నెలల పైచిలుకు మాత్రమే. 14 మ్యాచులు అయిపోయినంక మిగిలిన నెలలు ఏం చెయ్యాలె? భారత జట్టులో ఉన్నోళ్లకు క్యాంపులు ఉంటయి. లేనోళ్లు సొంతంగా ప్రాక్టీసు చేసుకుంట, ఉద్యోగం వెతుక్కుంట ఉండాల్సిందే. అందుకని చదువు వదిలి ఆట పట్టుకొమ్మని నేను ఎవ్వరికీ చెప్పను. రెండూ పట్టుకోవాలె. కష్టమే, కాని ఒకటి విరిగితే ఇంకోటి నిలబెడుతది.

8. నిజామాబాద్‌లో ఏముంది, మోమిన్‌పేట్‌లో ఏం లేదు

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణది కూడా నిజామాబాద్ జిల్లానే, పాకాల ఊరు. అప్పుడు ఆమెకు 13 ఏండ్ల 11 నెలలు. 2022లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ కూడా నిజామాబాద్ బిడ్డనే. ఒక్క జిల్లా నుంచి ముగ్గురు. అక్కడి నీళ్లలో ఏం మహిమ లేదు. పూర్ణకు సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది, భువనగిరి గుట్ట మీద ఎక్కుడు నేర్పినోళ్లు ఉన్నరు. నిఖత్‌కు చిన్నప్పటి నుంచి ఇంటోళ్ల అండ ఉంది. సౌమ్యక్కకు బాల్యంలోనే ఫుట్‌బాల్ నేర్పించే మనిషి దొరికిండు. ముగ్గురికీ సరైన వయసులో ఒక జాగా, నేర్పే ఒక మనిషి దొరికిండ్రు.

మా దిక్కు సంగతి చెప్తా. సేవాలాల్ జయంతి వస్తే ఫిబ్రవరిలో తండా తండాకు క్రికెట్ టోర్నమెంటు పెడతరు. చందాలు ఏస్తరు, టెంటు ఏస్తరు, మైకు పెడతరు, కప్పు కొంటరు. అన్నీ పోరగాళ్లకే. అమ్మాయిలు ఇంటి అరుగు మీద నుంచి చూస్తరు. మా తండాలో నాకంటే రెండేండ్లు చిన్న చెల్లె ఒకామె బడిలో ఉన్నప్పుడు మండల పోటీల్లో 400 మీటర్లు మొదటొచ్చింది. జిల్లా పోటీలకు పోవాల్నంటే ఎవరన్న తోడు రావాలె. అది పత్తి ఏరే టైం. ఒక్క రోజు కూలి పోతదని ఇంట్ల ఎవరూ కదల్లేదు. ఆమె పోలేదు. పదో తరగతి తర్వాత పెండ్లయింది. ఆమె ఎంత సేపట్లో ఉరికిందో రాసి పెట్టినోళ్లు కూడా లేరు. దీంట్ల వాళ్ల అమ్మానాయనను తిట్టుడు అన్యాయం. ఒక్క రోజు కూలి, ఒక మనిషి తోడు, ఆ రెండే కావాల్సి ఉండె. తండా మొత్తంలో ఆ రెండు సమకూర్చలేకపోయినం. అదే నెలల క్రికెట్ కప్పుకు మాత్రం చందా జమైంది.

చెయ్యదగ్గవి ఉన్నయి. హకీంపేటలో ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ ఉంది, అందులో నాలుగో తరగతిలోనే చేర్చుకుంటరు. అంటే మూడో తరగతి చదివే పిల్ల ఇంట్ల ఈ సంగతి తెల్వాలె. పదో తరగతి పిల్లకు చెప్తే లాభం లేదు. బడి పిల్లలకు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు వయసుల వారీగా మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం దాకా నడుస్తయి. డిగ్రీ చదివే మనం, ఊరికి పోయినప్పుడు, ఒక పిల్లకు తోడుపోగలం. బస్సు కిరాయి మన చందాలో ఎల్లుతది. ఒక ఫుట్‌బాల్ ధర మనం టోర్నమెంటులో కొనే కప్పు కంటే తక్కువే.

9. రాసి పెట్టుకుందాం

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ముండా ఆదివాసీ. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గట్టిగ మాట్లాడింది ఆయనే. మన బడి పుస్తకాల్లో ఆ హాకీ జట్టు అంటే ధ్యాన్‌చంద్ పేరు ఉంటది, అది ఉండాల్సిందే. జైపాల్ సింగ్ పేరు నాకు డిగ్రీకి వచ్చినంకనే తెలిసింది. అంత పెద్ద మనిషికే అట్లయితే, మండల పోటీల్లో ఉరికిన చెల్లె పేరు ఎవరు రాస్తరు?

సౌమ్యక్క 9 గోల్స్ రికార్డుల్లో ఉంటయి, పోవు. ఆమె చేరిన చోటికి చేరలేకపోయిన పిల్లల లెక్క మాత్రం ఎక్కడా లేదు. ఆ లెక్క ఉంటే ఏ తండాకు తోడు కావాలె, ఏ తండాకు జాగా కావాలె అన్నది తెలుస్తది. అధికారుల దగ్గరికి పోయినా చేతిలో కాగితం ఉంటది.

నేను మా మండలం నుంచి మొదలుపెట్టి ఒక నోటుబుక్కు రాస్తున్న. మీ తండాలో, గూడెంలో, వాడలో మండల స్థాయి దాటి ఏ ఆటైనా ఆడిన వాళ్ల ఆట, సంవత్సరం, ఎక్కడి దాకా పోయిండ్రు, ఎందుకు ఆగింది, ఈ నాలుగు సంగతులు వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రాసి పంపండి. మోమిన్‌పేట్, మర్పల్లి, బంట్వారం దిక్కు వాళ్లు సేవాలాల్ జయంతి లోపల పంపిస్తే, ఆ రోజు టోర్నమెంటు మొదలుకాక ముందు మైకులో ఆ పేర్లు చదివించే బాధ్యత నాది. అమ్మాయిల పేర్లు ముందు చదివిస్త.